గింజల చప్పుడు

పోయినవారం మిమ్మల్ని మా మంచం పక్కన, అప్పుడే ఎత్తిన ఫోన్ ముందు కూర్చోబెట్టి వెళ్ళిపోయాను. ఏమీ అనుకోకండి. మంచం కింద పెట్టె ఉన్న సంగతి గుర్తుందిగా? అందులో పెద్ద గుమ్మడికాయంత సొరబుర్ర, బుర్ర లోపల చెక్కపలక, పలక మీద వరసగా బిగించిన ఇనుప రేకులు, బుర్ర అంచు చుట్టూ తీగతో గుచ్చిన సోడామూతలు. రేకుల్ని బొటనవేళ్ళతో మీటితే పాట పలుకుతుంది. ఎంబిరా అంటారట. మా పెళ్ళికి రాని, రమ్మని ఎవరూ పిలవని మా వదిన, అంటే మా ఆయన అక్క, ఆఫ్రికా నుంచి పంపిన పెళ్ళికానుక అది. ఆవిడ అక్కడి మనిషిని, ఎంబిరా వాయించే ఒక వడ్రంగిని పెళ్ళి చేసుకున్న రోజున మా అత్తయ్య "దాని పేరు ఈ ఇంట్లో వినపడకూడదు" అంది. వినపడలేదు. అందుకే కానుక మంచం కిందికి పోయింది.

కానుకతోపాటు ఒక చిన్న మెమరీ కార్డు కూడా వచ్చింది. వాళ్ళింట్లో ఒక సాయంత్రం పాడుకున్న పాట. "జాగ్రత్తగా ఒక కాపీ ఉంచుకుని కార్డు తిరిగి పంపు" అని వదిన చెప్పింది. మా ఆయన పని చేసేది పాత రికార్డింగులకు పట్టిన దుమ్ము దులిపే స్టూడియోలో. చేతులు ఊరుకుంటాయా? వారమంతా కూర్చుని ఆ పాటను కడిగి, తుడిచి, తళతళలాడించి, అదే కార్డులో ఎక్కించి తిరిగి పంపారు. ఇప్పుడు కార్డు చేరింది. ఫోన్ మోగింది. ఎత్తగానే వదిన అన్న మాట దగ్గర ఆపాను: "ఏం చేశావురా తమ్ముడూ?"

ఆ గొంతులో కోపం లేదు. కోపమైతే బాగుండేది, కోపానికి సమాధానం చెప్పొచ్చు.

అది ఆదివారం మధ్యాహ్నం. హాల్లో అత్తయ్య ఉంది కాబట్టి తలుపు దగ్గరగా వేసి, ఒకే ఇయర్‌ఫోన్ల జతను చెరో చెవిలో పెట్టుకున్నాం. పెళ్ళయినప్పటి నుంచీ మాకిది అలవాటు. ఇంకో జత కొనుక్కోలేక కాదు. కొనుక్కుంటే ఇంత దగ్గరగా కూర్చోడానికి సాకేముంది చెప్పండి?

"ఏమైందక్కా, ప్లే అవ్వట్లేదా?" అన్నారు మా ఆయన.

"అవుతోంది. చాలా బాగా అవుతోంది. ఎంత బాగా అంటే, అందులో మా అత్తయ్య లేదు."

"మీ అత్తయ్యా?"

"ఇసక పోస్తున్నట్టు సరసరమని ఒక చప్పుడు ఉండేది, గుర్తుందా?"

"ఆఁ, వెనక రొద. అది తియ్యడానికే నాకు మూడొంతుల టైము..."

"రొద కాదురా నాన్నా. హోషో అంటారు. ఎండుబుర్రల్లో గింజలు పోసి రెండు చేతుల్తో ఊపుతారు. ఊపింది మా అత్తయ్య. ఆ తర్వాత చలికాలంలో పోయింది ఆవిడ."

నా చెవిలో ఉన్న తీగ కొంచెం బిగిసింది. మా ఆయన వెనక్కి వాలారన్నమాట.

"సోడామూతల గరగర కూడా తీసేశావు," అంది వదిన మెల్లగా.

"బుర్ర ఎక్కడో పగిలి అదురుతోందనుకున్నానక్కా."

"అదరాలనే కడతారు. ఈ పాట మనం వినడానికి మాత్రమే కాదు. పోయిన పెద్దవాళ్ళని ఇంట్లోకి పిలవడానికి. ఆ గరగర లేకపోతే వాళ్ళకి వినపడదని మా ఇంట్లో నమ్మకం. శుభలేఖలన్నీ అచ్చు వేయించి పేర్లు చెరిపేసినట్టుంది నువ్వు చేసిన పని."

అంత బాధలోనూ వదిన మాటకు నాకు నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసింది కూడా. నవ్వాల్సిన చోట కాదు. ఎందుకంటే ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. వచ్చే నెలలో ఆ పెద్దావిడ పోయి ఏడాది. ఆవిడని మళ్ళీ ఇంటికి పిలుచుకునే రోజు. అన్నయ్య, అంటే వదిన భర్త, ఆయన బాబాయి ఎంబిరాలు వాయిస్తారు. గింజల బుర్రలు ఊపాల్సింది అన్నయ్య చెల్లెలు. కానీ తల్లి చేతినడక, ఆవిడ ఊపే లయ, ఆ పిల్లకి రాదు. అక్కడ ఇంకెవరికీ రాదు. అమ్మ ఉంది కదా, ఎప్పుడైనా నేర్చుకోవచ్చులే అనుకున్నారు. మిగిలింది ఈ ఒక్క రికార్డింగు. దాన్ని వింటూ నేర్చుకుందామని ఆ పిల్ల ఆదివారం సెలవు చూసుకుని వచ్చి కూర్చుందట.

"మీ బావ విన్నాడు. వెళ్ళి ఉలితో చెక్క చెక్కుతున్నాడు. ఆదివారం ఉలి ముట్టుకోడు ఆయన." వదిన ముక్కు తుడుచుకున్న చప్పుడు. "సరే పోనీ, అసలుది నీ దగ్గర ఉందిగా. అదే పంపెయ్."

మా ఆయన నా వైపు చూశారు. ఆ చూపులోనే నాకు అర్థమైంది.

"చూసి పంపుతానక్కా."

"ఒక్క మాట. తుడిచేముందు మొత్తం విన్నావా?"

"వినకుండా ఎలా చేస్తాను?"

"వినలేదు. విన్నవాడివైతే నన్నొక ప్రశ్న అడిగేవాడివి," అని పెట్టేసింది.

ఆయన ఇయర్‌ఫోన్ తీసి మంచం మీద పెట్టి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయారు. నేనూ పక్కన చేరాను.

"అసలుది లేదు," అన్నారు.

"స్టూడియోలో ఉంటుందిగా?"

"శనివారం శనివారం మిషన్ ఖాళీ చేస్తాం. ఆ రూలు పెట్టింది కూడా నేనే." నవ్వబోయి ఆగిపోయారు. "కార్డులో జాగా చాలక పాతది తీసేసి కొత్తది ఎక్కించాను. కొత్తగా చేరిన కుర్రాడు ఎవడైనా ఈ పని చేస్తే గేటు దాకా తరిమేవాణ్ణి."

"మరి అంత పెద్ద చప్పుడు మీ చెవిన పడకుండా ఎలా పోయింది? మా చెవులవారి చెవులకి చీమ తుమ్మినా వినపడుతుందిగా."

చెవులవారు అనేది నేను పెట్టిన పేరు. నేను కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములకు ఎక్కిస్తాను కాబట్టి నేను అద్దాలమ్మని. మామూలుగా ఆ పేరు వినగానే ఆయన చెవులు ఎర్రబడతాయి. ఆ రోజు ఎర్రబడలేదు.

"నేను వినలేదు. చూశాను," అన్నారు. "కంప్యూటర్ మీద పాట గీతలు గీతలుగా కనిపిస్తుంది. రొద అయితే అడుగున బూజులా పరుచుకుని ఉంటుంది. ఎన్నో ఏళ్ళుగా అదే చూస్తున్నాను కదా, బూజు కనపడగానే చెయ్యి దానంతటదే చీపురు పట్టుకుంటుంది. మధ్యలో ఎవరో మాట్లాడుకుంటున్నారు, చప్పట్లు కొడుతున్నారు, అవీ ఊడ్చేశాను. చివర కొంత పాట లేని ముక్క ఉంటే కత్తిరించాను. కంటితో చేశాను పనంతా." అరచేతుల్లో మొహం పెట్టుకున్నారు. "ఇన్నేళ్ళకి అక్క నాకొక వస్తువు ఇచ్చింది. అడక్కుండా ఇచ్చింది. నేను వాళ్ళ అత్తగారిని చెత్తబుట్టలో వేశాను."

మా షాపులో కూడా ఇలాంటిది ఒకటి ఉంటుంది. అద్దం మీద గీత ఉందనుకుని అరగదీస్తూ పోతాం, తీరా చూస్తే అది చూపు కోసమే వేసిన గీత, పైన దూరానికి, కింద దగ్గరికి. ఆ మాట ఆయనతో అందామనుకున్నాను. అనలేదు. ఎందుకంటే అంతకన్నా ముందు చెప్పాల్సిన సంగతి ఇంకొకటి ఉంది.

"ఏవండీ. ఒకటి చెబితే కోప్పడరుగా?"

"ఇప్పుడు నేను కోప్పడే స్థితిలో ఉన్నానా?"

"ఆ పాట నా ఫోన్‌లో ఉంది."

"కడిగిందేగా. నేనే ఎక్కించాను."

"కాదు. మురికిది."

ఆయన తలెత్తారు. చెప్పేశాను. పెట్టె వచ్చిన మొదటి సాయంత్రం, మీరు స్నానానికి వెళ్ళినప్పుడు, కార్డు ఇంకా బల్ల మీదే ఉన్నప్పుడు, బస్సులో వినడానికి మొత్తం ఎక్కించుకున్నాను. రోజూ షాపుకి వెళుతూ అదే వింటున్నాను. ఆ గరగర, ఆ సరసర వింటుంటే కిటికీ పక్క సీటు దొరికినంత హాయిగా ఉంటుంది. అద్దం అరగదీసే రాయి చప్పుడుతో కలిసిపోతుంది కూడా. మీరు కడిగిన పాట కూడా విన్నాను, బాగానే ఉంది, కానీ అది ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది, లోపల మనిషి లేడు. మీరేమో అంత మురిసిపోతుంటే నాకు మురికిదే నచ్చిందని ఎలా చెప్పను?

ఆయన ఏమన్నారో రాయను. పత్రికలో రాసే మాట కాదు. నా రెండు బుగ్గలూ పట్టుకుని అన్నారు అని మాత్రం చెబుతాను.

"అమ్మాయ్, కూరగాయలకి వెళ్ళొస్తా!" హాల్లోంచి అత్తయ్య కేక. మేమిద్దరం దొంగల్లా విడిపోయాం.

"నేను వెళ్తాలెండి అత్తయ్యా!"

"చాల్లే సంబడం. నువ్వెళితే బెండకాయలు ముదురువి తెస్తావు. తలుపేసుకో."

ఆ ఊతపదం లేకుండా అత్తయ్య వాక్యం పూర్తవదు. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, ఊళ్ళో సగం మందికి టైపు నేర్పి, మొన్నమొన్ననే మూసేసింది. మిషన్లు అమ్మేసినా వేళ్ళు ఊరుకోవు. భోజనాల బల్ల మీద, కుర్చీ చేతి మీద, నా వీపు మీద కూడా టకటకలాడిస్తూనే ఉంటుంది. ఈమధ్య ఆ టకటకలో ఒక కొత్త నడక గమనించాను. ఒకటి గట్టిగా, రెండు మెత్తగా, మళ్ళీ ఒకటి గట్టిగా. టైపు అలా ఉండదు. కాలేజీలో నేనూ నేర్చుకున్నానుగా. ఏదో పాత పాట గుర్తొచ్చిందేమో అనుకున్నాను.

వీధి గేటు గడియ పడిన చప్పుడు విన్నాక మా ఆయన నా ఫోన్‌ని హాల్లో ఉన్న పెద్ద స్పీకర్లకి తగిలించారు. మంచం కింది పెట్టెలోంచి సొరబుర్ర తీసి తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టుకున్నాం. "ఈసారి చూడను," అని కళ్ళు మూసుకున్నారు.

మొదట ఒక్క ఎంబిరా. చిన్న చినుకులు రేకు మీద పడుతున్నట్టు. సోడామూతలు ప్రతి చినుకు వెనకా ఝుమ్మంటాయి, తేనెటీగలు ఇంటికి తిరిగొస్తున్నట్టు. అది ఒక సుడి తిరిగి మొదటికి వచ్చేసరికి ఇంకో ఎంబిరా అందుకుంటుంది. మొదటిదానితో కలిసి వెళ్ళదు. అది ఆగిన సందులో ఇది అడుగు వేస్తుంది, ఇది ఆగిన సందులో అది. కాసేపటికి ఎవరిది ఏ అడుగో తెలీదు. ఎవరూ వాయించని మూడో రాగం ఒకటి మధ్యలోంచి పైకి లేస్తుంది.

"విన్నావా? అది ఎవరి వేళ్ళదీ కాదు," అన్నారు కళ్ళు తెరవకుండానే. "ఇద్దరి మధ్యలోంచి వస్తోంది."

"మనలాగా," అన్నాను.

"నీకు అన్నిట్లోనూ మనమే కనిపిస్తాం."

"కొత్త కదండీ. కొన్నాళ్ళు కనపడనివ్వండి."

అప్పుడు మొదలైంది గింజల చప్పుడు. బస్సులో ఎన్నోసార్లు విన్నాను, ఇంత పెద్దగా వినలేదు. మా హాలు గోడలు, కిటికీ అద్దం, బల్ల మీద మూత పెట్టిన గ్లాసు, అన్నీ సన్నగా వణికాయి. రెండు ఎంబిరాలూ ఎంత దూరం పరిగెత్తినా ఆ చప్పుడు వాటి చెయ్యి పట్టుకునే ఉంది, సంతలో పిల్లల్ని తప్పిపోనివ్వని తల్లిలా. అది లేనప్పుడు పాట ఎందుకు మనిషి లేని చొక్కాలా ఉందో అప్పుడు తెలిసింది. మా ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారి బుగ్గల మీదికి పోతున్నాయి. తుడుచుకోలేదు. నేనూ తుడవలేదు, తుడవడం వల్ల వచ్చిన తంటా చాలు.

"ముందు పంపు," అన్నారు. పాట ఆగకుండానే వదినకి మొత్తం పంపాను, చెయ్యి పెట్టకుండా, ఒక్క గీత చెరపకుండా. కింద ఆయన చేత ఒక ముక్క రాయించాను: "అక్కా, మీ అత్తయ్య దొరికింది. మా ఆవిడ దాచింది."

జవాబు రావడానికి కొంచెం టైము పట్టింది. "ఉలి చప్పుడు ఆగింది. మీ బావ గుమ్మంలో నిలబడి తల ఊపుతున్నాడు. ఆడబిడ్డ రెండు డబ్బాల్లో బియ్యం పోసుకుని కూర్చుంది. మా మరదలికి నా ముద్దులు చెప్పు." దాని కిందే ఇంకో ముక్క వచ్చింది. "ఈసారి చివరిదాకా వినండి."

నిజం చెప్పాలంటే చివరిదాకా నేనూ ఎప్పుడూ వినలేదు. పాట సగంలోనే మా షాపు స్టాపు వస్తుంది.

విన్నాం. పాట ఊపు తగ్గింది. చప్పట్లు, నవ్వులు, మాకు తెలియని భాషలో ఎవరో ఎవరినో ఆటపట్టిస్తున్నారు. గింజల చప్పుడు చెయ్యి మారినట్టు ఒక్క క్షణం తడబడింది. మళ్ళీ అందుకుంది. ఒకటి గట్టిగా, రెండు మెత్తగా, మళ్ళీ ఒకటి గట్టిగా.

ఈ నడక నాకు బస్సులో పరిచయమైంది కాదు. మా భోజనాల బల్ల దగ్గర.

"ఏవండీ..." అనబోయాను. అప్పుడే స్పీకర్లలోంచి, ఆ నవ్వుల మధ్యలోంచి, పలుచని తెలుగు గొంతు ఒకటి మా హాల్లోకి నడిచొచ్చింది.

"నా దగ్గరే ఉండనివ్వండి వదినగారూ, మీ చేతులు నొప్పెట్టవూ? చాల్లే సంబడం, నాకు రాకపోవడమేమిటి, ఊళ్ళో సగం మందికి టైపు నేర్పినదాన్ని!"

మా ఆయన కళ్ళు తెరిచారు.

ఆ గొంతు, కిందటేడాది పాత స్నేహితురాళ్ళతో టూరు వెళుతున్నానని చెప్పి, సూట్‌కేసుకి తాళం తనే వేసుకుని, వచ్చేటప్పుడు కొడుక్కి ఒక కీ చెయిన్ తెచ్చిన అత్తయ్యది. ఆ కీ చెయిన్‌కి మా ఇంటి తాళంచెవి ఇప్పటికీ వేలాడుతోంది.

ఎందుకో వెనక్కి తిరిగాను. గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. ఖాళీ సంచీ చంకలో ఉంది. పర్సు మర్చిపోయి వెనక్కి వచ్చినట్టుంది, తలుపు మేము వేసుకోనే లేదు. ఎంతసేపటినుంచి ఉందో తెలీదు. ఆవిడ చూపు మా మీద లేదు, మా మధ్యనున్న సొరబుర్ర మీద ఉంది. కుడిచేతి వేళ్ళు మాత్రం తలుపు చెక్క మీద ఆడుతున్నాయి. ఒకటి గట్టిగా, రెండు మెత్తగా. స్పీకర్‌కీ ఆ వేళ్ళకీ వెంట్రుకవాసి తేడా లేదు. ఎవరికీ రాదని వదిన ఏడ్చిన ఆ చేతినడక మా ఇంట్లోనే, మా గుమ్మంలోనే ఉంది.

"అమ్మా," అన్నారు మా ఆయన. "నువ్వు అక్క దగ్గరికి వెళ్ళావా?"

"వెళ్ళాను."

"మరి మాకెందుకు చెప్పలేదు? ఇన్నాళ్ళూ దాని పేరెత్తాలంటే నేను భయపడి చచ్చాను."

"పేరు వినపడకూడదన్నదాన్ని నేనే. ఏ మొహం పెట్టుకుని వెళ్ళొచ్చానని చెప్పను?" అత్తయ్య గొంతు గరగరలాడింది, సోడామూత కట్టినట్టు. "పెద్దావిడ ఏమీ అడగలేదురా. వచ్చిన మనిషిని ఎందుకొచ్చావనలేదు, ఇన్నేళ్ళు ఎందుకు రాలేదనలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చేతిలో బుర్ర పెట్టింది. అంతే." మా ఆయన తడి కళ్ళ వైపు చూసింది. "పోయిందా ఆవిడ?"

"చలికాలంలో," అన్నాను నేను.

అత్తయ్య సంచీని మడిచింది. విప్పి మళ్ళీ మడిచింది. వేళ్ళు మళ్ళీ తలుపు చెక్క మీదికి వెళ్ళాయి. అప్పుడు రికార్డింగులో పాట పూర్తయింది. అందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టి ఆపారు. ఎవరో కుర్చీ జరిపారు. ఆ కుర్చీ చప్పుడుకి అత్తయ్య ఉలిక్కిపడింది.

"అమ్మాయ్, ఆపు."

"ఎందుకత్తయ్యా?"

"పాట అయిపోయిందిగా. ఆపమంటున్నాను."

ఫోన్ నా చేతిలోనే ఉంది. వేలు మీట మీదే ఉంది. ఆయన నా వైపు చూస్తున్నారు, ఆవిడ నా వైపు చూస్తోంది. చివరిదాకా వినమన్న వదిన మాట నా చెవిలోనే ఉంది. ఈ ఇంటికి వచ్చాక అత్తయ్య చెప్పిన పని కాదన్నది లేదు.

నేను ఆపలేదు.

స్పీకర్లలో ఒక ముసలి గొంతు, నెమ్మదిగా, మాకు తెలియని భాషలో ఏదో అడిగింది. దాని వెనకే వదిన గొంతు, కాస్త నవ్వుతూ, కాస్త భయపడుతూ:

"అమ్మా, మా అత్తయ్య నిన్నొకటి అడుగుతోంది. తమ్ముడి గురించి."

తలుపు చెక్క మీద అత్తయ్య వేళ్ళు ఆగిపోయాయి.